పేరుని ఎక్కడ తెంపాలి?

కంప్యూటర్‌కి పేరంటే అక్షరాల దండ, అంతే. దానికి షేక్ తెలియదు, సయ్యద్ తెలియదు. దండని ఎక్కడ తెంపాలో మనమే చెప్పాలి. పైథాన్‌లో దానికి 'స్ప్లిట్' అనే ఫంక్షన్ ఉంది. ఖాళీ కనిపించిన చోటల్లా తెంపి ముక్కలు చేతిలో పెడుతుంది. వెతకడానికి 'ఫైండ్' ఉంది. దొరికితే ఎన్నో స్థానంలో ఉందో చెబుతుంది, దొరక్కపోతే -1 అంటుంది. రెండూ బహుత్ ఆసాన్. తక్లీఫంతా మన పేర్లతోనే.

ఫారాలు తయారుచేసేవాళ్ళు చాలామంది మొదటి ముక్క పేరు, చివరి ముక్క ఇంటిపేరు అనేసుకుంటారు. మన ఆంధ్రా ముస్లిముల్లో ఇంటిపేరు ముందుంటుంది కదా! అబ్బా షేక్ మస్తాన్ వలీ, అమ్మీ షేక్ జైనబ్ బీ, కొడుకు షేక్ కరీముల్లా అనుకోండి. ఆ లెక్కన ముగ్గురి పేరూ షేకే. ఇంటిపేర్లేమో వలీ, బీ, కరీముల్లా. ఒకే దస్తర్‌ఖాన్ మీద తినేవాళ్ళు మూడు ఖాందాన్‌లైపోయారు. స్కాలర్‌షిప్పు దగ్గర "మీ నాన్న ఇంటిపేరు వేరే ఉందేం?" అని అడిగితే ఆ పిల్లాడు ఏం జవాబు చెప్పాలి?

అబ్దుల్ రహమాన్‌ని తెంపడం ఇంకా జుల్మ్. అబ్దుల్ అంటే 'ఫలానా వారి బందా' అనే సగం మాట. రహమాన్ అల్లాహ్ పేరు. ఎవరైనా మనిషిని ఉత్త రహమాన్ అని పిలిస్తే మా నానీ అక్కడికక్కడే మందలించేది.

మొన్న రమజాన్‌కి ముందు మా మహల్లా కమిటీవాళ్ళు జకాత్ జాబితా నాకిచ్చారు. నాలుగేళ్ళ కాగితాలు, నలుగురి టైపింగ్. అందులో పేరు దొరక్కపోతే ఈసారి వంతు లేదన్నట్టే. ఒక బేవా ఖాలా పేరు వెతికితే -1 వచ్చింది. చూస్తే పేరు ఉంది! షేక్‌కీ హసీనాకీ మధ్య రెండు ఖాళీలు పడ్డాయి. మన కంటికి అది పెద్ద తేడా కాదు, ఫైండ్‌కి మాత్రం వేరే మనిషి. ఖాలా హక్కు ఆ ఖాళీ దగ్గర ఆగిపోయింది.

అందుకని వెతికేముందు పేర్లని సాఫ్ చేసే చిన్న ఫంక్షన్ రాశాను. స్ప్లిట్‌కి ఏమీ చెప్పకుండా వదిలేస్తే వరసగా ఎన్ని ఖాళీలున్నా ఒకటిగానే చూస్తుంది. ఆ ముక్కల్ని ఒక్కొక్క ఖాళీతో మళ్ళీ 'జాయిన్' చేయడం, ఇంగ్లీషు అక్షరాలన్నీ చిన్నవి చేయడం. ఎండీ, మొహమ్మద్, మహమ్మద్‌లని ఒకే మాట చేసే పట్టిక ఒకటి. ఇక అలీ అని వెతికితే ఖాలిద్ కూడా వచ్చేవాడు, ఇంగ్లీషు స్పెల్లింగులో ఖాలిద్ కడుపులో అలీ ఉన్నాడు మరి! కాబట్టి ముక్కని ముక్కతోనే పోల్చాను.

పేరు, ఇంటిపేరు అని మాత్రం విడదీయలేదు. మొత్తం పేరుకి ఒకే గడి. సద్ర్ సాబ్‌కి అది నచ్చలేదు. "రెండు గడులుంటే బాగుండేది బేటా" అన్నారు.

"మీ పేరు ఎక్కడ తెంపమంటారో చెప్పండి చాచా" అన్నాను. వారిది సయ్యద్‌తో మొదలయ్యే ఐదు ముక్కల పేరు. వేళ్ళ మీద ఒకసారి లెక్కపెట్టుకుని, చాయ్ తెప్పించారు.