డిలీట్ చేస్తే పోతుందా?

మా అమ్మాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ముగ్గురు స్నేహితులతో కలిసి కాలేజీ అమ్మాయిల హాస్టల్ మెస్ లెక్కలకి ఒక వెబ్‌సైట్ తయారుచేస్తోంది. చేసిందంతా గిట్‌హబ్‌లో పెట్టుకుంటారు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చూసుకుంది, ఒకబ్బాయి మెస్ వాళ్ళిచ్చిన అసలు జాబితానే అందులో పెట్టేశాడు. అమ్మాయిల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు! పక్కనే ఇంకో ఫైల్లో ఈమెయిల్ పాస్‌వర్డ్. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

ఫోన్ చేస్తే "ఇప్పుడే డిలీట్ చేసేశా, కంగారు పడకు" అన్నాడు. "వీడు తీసేయలేదమ్మా, ఎక్కడుందో బోర్డు పెట్టాడు" అంది మా పిల్ల తల పట్టుకుని.

గిట్ అనేదాన్ని లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశాడట. ఎవరు ఏ రోజు ఏం మార్చారో మర్చిపోకుండా దాచడమే దాని పని. ఫైలు తీసేస్తే "ఫలానా ఫైలు తీసేశారు" అని ఇంకో పద్దు చేరుతుంది, అంతే. ముందు రోజు పద్దు తెరిస్తే నంబర్లన్నీ భద్రంగా ఉన్నాయి!

ముందు దాన్ని బయటివాళ్ళకి కనపడకుండా చేశారు, వెంటనే పాస్‌వర్డ్ మార్చారు. ఇది నాకు నచ్చింది. తాళంచెవి పోతే వెతుకులాట తర్వాత, ముందు తాళం మార్చాలి కదా.

ఆ తర్వాత గిట్ ఫిల్టర్-రెపో అనే పనిముట్టు వాడారు. అది మొదటి రోజు నుంచీ ఉన్న పద్దులన్నిట్లోనూ ఆ ఫైళ్ళు లేకుండా చరిత్రని తిరగరాస్తుంది. ఇంటి జమాఖర్చుల పుస్తకంలో మధ్యలో ఒక ఖర్చు తీసేస్తే, అక్కణ్ణుంచి ప్రతి పేజీలో "వెనకటి మొత్తం" మార్చుకుంటూ రావాలి చూడండి, అచ్చం అలాగే. ఒక్కో పద్దు గుర్తింపు సంఖ్య దాని ముందు పద్దు మీద ఆధారపడుతుంది కాబట్టి ఆ తర్వాతవన్నీ మారిపోతాయి. అంతా అయ్యాక మిగతా ముగ్గురూ తమ లాప్‌టాప్‌ల్లో పాత నకళ్ళు పారేసి కొత్తవి దింపుకోవాలి. ఒక్కరు పాతది మళ్ళీ పైకి పంపినా ఆ జాబితా తిరిగొచ్చి కూర్చుంటుంది. పాత పేజీలు గిట్‌హబ్‌లో ఇంకా ఎక్కడైనా మిగిలితే తీసేయమని వాళ్ళకీ రాశారు.

పాస్‌వర్డ్ మార్చారు సరే. ఇంటి అడ్రసు ఎలా మారుస్తారు? 11 రోజులు బయట ఉంది. ఈలోగా ఎవరైనా దింపుకుని ఉంటే ఏ పనిముట్టూ దాన్ని వెనక్కి తేలేదు. "మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఆ అబ్బాయి. నాకు ఒళ్ళు మండింది. తెలియని నంబర్ నుంచి రాత్రి పదకొండింటికి ఫోన్ మోగితే ఆడపిల్లకి ఎలా ఉంటుందో వాడికేం తెలుసు?

మా అమ్మాయి భయపడుతూనే వార్డెన్‌కి చెప్పింది, హాస్టల్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. తిట్లు బాగానే పడ్డాయి. ఒకమ్మాయి మాత్రం తిట్టలేదు. "ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా ఉంది?" అని అడిగింది. ఆ వారంలోనే ఎవడో ఆపకుండా ఫోన్లు చేస్తున్నాడట.

చరిత్ర తిరగరాసే ముందే మా పిల్ల ఆ తారీకులు, టైముతో సహా, నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంది. ఫోన్ చేసి చదివి వినిపించింది. అటువైపు ఆ పిల్ల తన కాల్ లిస్టు తీసింది.