డబ్బు లేని బ్యాట్‌మ్యాన్

వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరని. అయినా 1957లో ‘మాయాబజార్’ వచ్చినప్పుడు ఇది మూలంలో లేదే అని మనవాళ్ళు హాలు వదిలి వెళ్ళిపోలేదు. చేర్చింది ఇమిడిందా లేదా, అంతవరకే చూశారు. తెలిసిన కథను వందోసారి వినడానికి కూర్చునే ఈ ఓపిక మనకు పుట్టుకతో వస్తుంది. న్యూజెర్సీలో బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ కామిక్స్ షాపు దగ్గర కారు ఆపే నాకు అది బాగా అక్కరకొస్తోంది.

ఇక్కడ కొత్త కామిక్స్ వచ్చేది బుధవారాలే. మనకు కావలసిన పుస్తకాల జాబితా ముందే ఇచ్చిపెడితే, దాన్ని పుల్ లిస్ట్ అంటారు, షాపాయన మన పేరు మీద తీసి పక్కన పెడతాడు. ఈ మధ్య నా జాబితాలో చేరినవన్నీ తిరగరాసిన కథలే. మార్వెల్ వాళ్ళు ‘అల్టిమేట్’ పేరుతో, డీసీ వాళ్ళు ‘ఆబ్సల్యూట్’ పేరుతో తమ పాత వీరుల కథలను మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు. రెండు కంపెనీలూ పట్టుకున్న కిటుకు ఒక్కటే: వీరుడికి పుట్టుకతోనో అదృష్టంతోనో దక్కినదాన్ని ఊడలాక్కోవడం.

2024 అక్టోబరులో మొదలైన ‘ఆబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్’నే తీసుకోండి. రచయిత స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగోటా. 1939లో పుట్టిన నాటినుంచీ బ్యాట్‌మ్యాన్ అంటే కోటీశ్వరుడు. మేడ, గుహ, కారు, కాఫీ తెచ్చిచ్చే ఆల్‌ఫ్రెడ్, అన్నీ ఉన్నవాడు. ఇందులో ముసుగు వెనక మనిషి బ్రూస్ వేన్ తండ్రి బడిపంతులు. తల్లి బతికే ఉంది. బ్రూస్ ఇంజనీరింగ్ పని చేసుకునే మామూలు మనిషి. ఆల్‌ఫ్రెడ్ నౌకరు కాదు, గూఢచారి. ఆస్తిపాస్తులన్నీ శత్రువు జోకర్ దగ్గరున్నాయి. ఛాతీ మీద గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అవుతుంది. కొనుక్కునే స్తోమత లేనివాడు ఒంటిమీద ఉన్నదాన్నే ఆయుధం చేసుకుంటాడు కదా.

డబ్బు తీసేయడం ఎవరికైనా తడుతుంది. స్నైడర్ తెలివంతా ఆ ఖాళీలో దేన్ని పెట్టాడన్నదాంట్లో ఉంది. పాత కథల్లో బ్యాట్‌మ్యాన్‌కి శత్రువులైన ఆస్వాల్డ్ కాబుల్‌పాట్, హార్వీ డెంట్, ఎడ్వర్డ్ నిగ్మా, వేలన్ జోన్స్ ఇక్కడ బ్రూస్‌కి చిన్ననాటి నేస్తాలు. మూలం తెలిసినవాడికి ఆ పేర్లు వినగానే గుండె గుభేలుమంటుంది. వీళ్ళు చివరికి ఏమవుతారో మనకు తెలుసు, పాపం బ్రూస్‌కే తెలియదు. వీళ్ళంతా కలిసి కూర్చుని నవ్వుకునే పేజీలు ఏ కొట్లాటకన్నా ఎక్కువ కంగారు పెడతాయి. హాస్టల్ స్నేహితులతో ఇప్పుడు ఫోన్లో తప్ప మాటలు లేని నాలాంటివాడికి అవి మరీ దగ్గరగా తగులుతాయి.

జేసన్ ఆరన్ రాసిన ‘ఆబ్సల్యూట్ సూపర్‌మ్యాన్’ మీద షాపులో చాలామందికి కోపం. కాన్సాస్ పొలాల మధ్య హాయిగా గడిచిన బాల్యం లేదు. క్రిప్టాన్ గ్రహం మీదే పైవర్గం, కింది వర్గం ఉన్నాయి. మనవాడి అమ్మానాన్నలు కష్టజీవులు. భూమ్మీదికి వచ్చాక అతను నిలబడేది గని కార్మికుల పక్షాన. లోయిస్ లేన్ విలేఖరి కాదు, అతన్ని వేటాడే కంపెనీకి ఏజెంటు. సూపర్‌మ్యాన్‌ని రాజకీయాల్లోకి దింపేశారని గొణిగేవాళ్ళు 1938కి వెళ్ళి చూడాలి. వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ సృష్టించిన ఆ తొలి సూపర్‌మ్యాన్ ‘యాక్షన్ కామిక్స్’ మూడో సంచికలోనే గని ప్రమాదం వెంటపడి యజమానికి బుద్ధి చెప్పాడు. ఆరన్ చేసింది కొత్త తిరుగుబాటు కాదు, మధ్యలో మరుగునపడ్డ సంగతిని బయటికి తీయడం. నా ఫిర్యాదు వేరు. కథ నత్తనడక నడుస్తుంది, దుష్ట కంపెనీలో ఒక్క మనిషికీ ప్రాణం లేదు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది మాత్రం ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’. జోనథన్ హిక్‌మన్ రచన, మార్కో కెకెట్టో బొమ్మలతో 2024 జనవరిలో మొదలైంది. 1962 నాటి స్పైడర్‌మ్యాన్, అంటే పీటర్ పార్కర్, బడికి వెళ్ళే కుర్రాడు. ఈ పీటర్‌కి ముప్ఫై అయిదు దగ్గరపడ్డాయి. గడ్డం, భార్య, ఇద్దరు పిల్లలు. కుర్రతనంలో కుట్టి శక్తినివ్వాల్సిన సాలీడుని ఒక దుర్మార్గుడు అడ్డుకోవడంతో జీవితం పక్కదారి పట్టింది. ఏళ్ళ తర్వాత ఆ శక్తి మళ్ళీ ఎదురొస్తుంది, ఈసారి ఒక ఎంపికగా. కావాలంటే తీసుకో, వద్దంటే ఉన్నదానితో సుఖంగా ఉండు. పాత పీటర్‌ని అడిగినవాడు లేడు. ఇతను ఇల్లూ పిల్లలూ ఉన్నాక తెలిసి తెలిసి ముప్పులోకి దిగుతాడు. నల్లటి దుస్తులు భయంగా ఉన్నాయని కూతురు చెబితేనే రంగులు మారుస్తాడు.

మా అమ్మాయి ఆ సంచిక తిరగేసి నా మొహంలోకి చూసింది. “నాన్నా, ఇది నీ ఏజ్ వాళ్ళ కోసం రాసినట్టుంది.”

“ఎందుకూ?”

“స్పైడర్‌మ్యాన్ డిన్నర్ టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు.”

పుస్తకం నా చేతిలో పెట్టి తన మాంగా తను తీసుకుని వెళ్ళిపోయింది. దాని మాటలో నిజం ఉంది. బుధవారం షాపుకి వచ్చేవాళ్ళలో సగంమంది నెరిసిన తలలవాళ్ళమే. పిల్లలు జపాన్ మాంగా దగ్గరో, డేవ్ పిల్కీ ‘డాగ్ మ్యాన్’ దగ్గరో ఉన్నారు. కంపెనీలు ఉన్న పాఠకులను కాపాడుకోవాలని వీరులకూ మాతోపాటే వయసు పెంచుతున్నాయి. ‘ఆబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్’లో పారే నెత్తురు చూస్తే పదేళ్ళవాడి చేతికి ఇవ్వడానికి మనసొప్పదు. ఒకే ‘చందమామ’ని మనవడూ అమ్మమ్మా వంతులేసుకుని చదివిన ఇంటినుంచి వచ్చాను నేను. అందుకే ఈ లోటు నాకు కాస్త గట్టిగానే గుచ్చుకుంటుంది.

ధర సంగతి చెప్పకపోతే అన్యాయం. విడి సంచిక అయిదు డాలర్లు, చదవడానికి పది నిమిషాలు. దానికి తోడు లోపలి కథ అదే ఉంచి పైన అట్టబొమ్మ మార్చి అమ్మే వేరియంట్ కవర్లు. చదవడానికి కొనేవాడు వాటి జోలికి పోనక్కర్లేదు. కొన్ని సంచికలు కలిపి వేసే ట్రేడ్ పుస్తకం వచ్చేదాకా ఆగితే చాలు. అమెరికాలో ఉన్నవాళ్ళు ముందు మీ ఊరి లైబ్రరీలో అడగండి.

మొదట ఏది చదవమంటారని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ‘ఆబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్’. డెనిజ్ క్యాంప్ రచన, హవియేర్ రోడ్రిగెజ్ బొమ్మలు, 2025 మార్చిలో మొదలైంది. బాంబు దాడిలో బతికి బయటపడ్డ ఎఫ్‌బీఐ ఏజెంటుకి మనుషుల ఆలోచనలు రంగురంగుల పొగలా కనిపించడం మొదలవుతుంది. మాటల్లో చెబితే తేలిపోయే ఆ సంగతిని రోడ్రిగెజ్ రంగులతోనే చెబుతాడు. సినిమాకి లొంగని కథ, కాగితం మీద మాత్రమే పండే కథ. భార్యాభర్తల మధ్య పెరుగుతున్న దూరం కూడా అందులో ఆ రంగుల్లోనే తెలుస్తుంది. బ్యాట్‌మ్యాన్ నేస్తాలను చూసి ఉలిక్కిపడాలంటే ఎనభై ఏళ్ళ పాత కథ ఎంతో కొంత తెలిసుండాలి. దీనికి అదేం అక్కర్లేదు. ఈ వీరుడి పేరు జన్మలో విననివాడు కూడా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి చివరిదాకా ఆపకుండా చదువుతాడు. ఈ తిరగరాతలన్నిటిలో పూర్తిగా నెగ్గింది ఇదొక్కటేనని నా అభిప్రాయం.