ఊరుగాని ఊళ్ళో ఋతువుకో పుస్తకం

మామిడికాయకీ రేగిపండుకీ ఉన్నట్టే మా ఇంట్లో పుస్తకానికీ ఒక కాలం ఉండేది. ఉగాదినాడు గుళ్ళో పంచాంగ శ్రవణంతో ఏడాది మొదలయ్యేది. కార్తీకం వస్తే అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టి కార్తీక పురాణం తెరిచేది. ముప్పై రోజుల నెలకు ముప్పై అధ్యాయాలు. ధనుర్మాసంలో తిరుప్పావై, రోజుకో పాశురం. అవీ ముప్పయ్యే. వేసవి మాత్రం పిల్లలది. తెనాలి నుంచి అద్దెకు తెచ్చిన నవలలూ, వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చించి మా అక్కయ్య సూదీ దారంతో కుట్టిన పుస్తకాలూ వేపచెట్టు కింద నవారు మంచం మీదికి చేరేవి. నాట్లు పడే రోజుల్లో ఎవరూ పుస్తకం ముట్టేవాళ్ళు కాదు. నాన్న పొలం నుంచి వచ్చి అన్నం తిని పడుకుంటే దీపం తీసేయడమే.

ఇదంతా ఒక పద్ధతి అని ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నాకు తోచలేదు. 1998లో ఉద్యోగం వచ్చి బొంబాయి వెళ్ళాక తెలిసింది. డోంబివలిలో గది, ఫోర్ట్ ప్రాంతంలో ఆఫీసు, లోకల్ బండిలో పోను గంటా పావు, రాను గంటా పావు. ఆఫీసుకు మూడు నెలలకో ఋతువు: లెక్కలు మూసే రోజులు. ఆ మొదటి ఏడాది నేను ఒక్క పుస్తకమూ చదవలేదు. ఆవకాయ జాడీతోపాటు అమ్మ పెట్టెలో పెట్టిన కార్తీక పురాణం అడుగునే ఉండిపోయింది. కార్తీకం ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో తెలియలేదు. తీరిక లేక అనుకున్నాను. తీరిక ఆదివారాలు ఉండేది. నాకు లేనిది వేళ. ఫలానా రోజున ఫలానా పుస్తకం తీయాలని చెప్పే గాలి, ఎండ, పక్కింటి దీపం ఏవీ అక్కడ లేవు.

మళ్ళీ పుస్తకం పట్టించింది బొంబాయి వానే. జూన్ రెండో వారంలో మొదలై సెప్టెంబరు దాకా వదలదు. బండ్లు ఆలస్యమవుతాయి, ప్లాట్‌ఫారం మీద గంటలు గడుస్తాయి. ఒక చేత్తో పైనున్న పిడి పట్టుకుని, రెండో చేత్తో పట్టుకోగలిగిన పుస్తకం కావాలి. అలా దొరికింది సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు'. నూరు కథలు, ఒక్కొక్కటీ కొద్ది పేజీలు. డోంబివలిలో బండెక్కితే ఠాణే వచ్చేలోపు రెండు కథలయ్యేవి. కిటికీ బయట ముంబ్రా దగ్గర సముద్రపు పాయ వాన నీటితో ఉబ్బి ఉండేది, చేతిలో కృష్ణ పారేది. మా కాలువల మీద 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపారని చిన్నప్పుడు విన్నాను. పడవ మెల్లగా సాగుతుంటే ప్రయాణికులు చదువుకునేవారట. ఆ మాట నిజంగా అర్థమైంది లోకల్ బండిలోనే. మనిషి ఎక్కడ నిలబడి ఎదురుచూస్తాడో అక్కడికి పుస్తకం వెళ్ళాలి.

2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. బండ్లు ఆగిపోయాయి. ఆ రాత్రి ఆఫీసులోనే గడిపి, మర్నాడు పట్టాల వెంట చాలా దూరం నడిచాను. సంచీలో ఉన్న కథల పుస్తకం తడిసి ముద్దయింది. ఫ్యాను కింద ఒక్కో కాగితమూ విప్పి ఆరబెట్టాను. ఆ పేజీలు ఇప్పటికీ అలలు అలలుగానే ఉంటాయి. కొత్త ప్రతి కొనాలని ఎప్పుడూ అనిపించలేదు.

వాన నేర్పిన పాఠంతో మిగతా కాలాలూ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. బొంబాయి ఎండాకాలం ఉక్కపోతలో ఇంట్లో కూర్చుని ఏదీ చదవలేం. మేలో సెలవు దొరికితే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాణ్ణి, చేతిలో ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే నెలలో, నడి వేసవిలో మద్రాసు నుంచి బయలుదేరి, పదిహేను నెలలు దాటాక 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది, దారి ఎలా ఉంది అని రాసుకుంటూ పోయారు. సోలాపూర్ దాటాక కిటికీలోంచి వడగాలి కొడుతుంటే ఆ మజిలీలు చదవడంలో ఉన్న రుచి చల్లటి గదిలో రాదు.

చలికాలం లావుపాటి నవలలకు. సంక్రాంతి సెలవు కాస్త ముందుకు జరుపుకుని, జనవరి మొదట్లో విజయవాడ స్వరాజ్ మైదానంలో పుస్తకాల పండగకు వెళ్ళేవాణ్ణి. ఏడాదికి సరిపడా ధాన్యం గాదెలో పోసుకున్నట్టు అక్కడ కొని మోసుకొచ్చేవాణ్ణి. మొదట విప్పింది 'వేయిపడగలు'. బొంబాయిలో ఓ పల్చటి దుప్పటి చాలే ఆ కొద్దిరోజుల చలిలోనే అది పూర్తయింది.

పరాయి ఊళ్ళోనూ ఈ కాలాలు నిలుపుకోవచ్చని, కాశీనాథుని నాగేశ్వరరావు గారి సంగతి తెలిశాక నాకు ఎంతో ధైర్యం వచ్చింది. బతుకుతెరువుకు బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం పెట్టిన మనిషి. 1908లో ఆ ఊళ్ళోనే తెలుగు వారపత్రికగా ఆంధ్రపత్రిక మొదలుపెట్టారు. 1914లో అది మద్రాసు చేరి దినపత్రిక అయింది. దాని ఉగాది సంచికల కోసం తెలుగువాళ్ళు ఏడాదంతా ఎదురుచూసేవారు. తెలుగు నేలకు దూరంగా పుట్టిన పత్రిక తెలుగువాళ్ళకు ఉగాది చదువును అలవాటు చేసింది. ఊరు వదిలినవాడికే ఊరి కాలం విలువ బాగా తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

కార్తీక పురాణం మాత్రం పెట్టె అడుగు నుంచి చాలా ఏళ్ళకు బయటికొచ్చింది. అమ్మ కళ్ళకు శుక్లాలు కమ్మి అక్షరాలు అలుక్కుపోయిన ఏడాది అది. పాడ్యమి నాటి సాయంత్రం ఫోను చేసి, "ఈ ఏడు పురాణం లేదురా నాన్నా, కనపడట్లా," అంది. బండి దిగి గదికి చేరేసరికి ఎనిమిదయింది. కాళ్ళు కడుక్కుని, చిన్న ప్రమిద వెలిగించి, పెట్టె అడుగున వెతికి మొదటి అధ్యాయం ఫోనులో చదివాను. అమ్మ ఊ కొడుతూ వింది. ఆపరేషను అయి చూపు వచ్చాక కూడా, "నువ్వే చదువు, వినడానికి బావుంది," అంది. రోజుకో అధ్యాయం. నేను ఆఫీసులో చిక్కుకుపోతే అమ్మ దీపం దగ్గరే కూర్చుని ఉండేది.

ఆవకాయ జాడీ, కందిపొడి డబ్బా పెట్టి పిల్లల్ని పుణేకో, బెంగళూరుకో, డాలస్‌కో పంపే అమ్మానాన్నలకు నాదొక్కటే మనవి. మీ ఇంట్లో ఏ నెలలో ఏ పుస్తకం తీస్తారో ఆ పుస్తకం కూడా ఆ పెట్టెలో పెట్టండి. ఒక ఏడాది వాళ్ళు దాన్ని తెరవకపోయినా బాధపడకండి. ఆ నెల వచ్చిన రోజున ఫోను చేసి, ఇవాళ మేం ఫలానా పేజీ తీశాం అని చెప్పండి. వాళ్ళు చదవడం మొదలుపెడితే ఊ కొట్టండి.