కోయిలకుంట్ల బురుజు మీద

బెలుం,
ఆదివారం రాత్రి

ఒరే నేస్తమా,

బుడాపెస్ట్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం జేబులో పెట్టుకునే ఈ పొద్దు బెలుం గుహల్లోకి దిగినా. మన చిన్నప్పుడు చెత్త పోసిన గుహలేరా ఇవి! 2002 నుంచి మెట్లు, దీపాలు. పాతాళగంగ కాడికి, 46 మీటర్ల లోతుకు పోయేసరికి చొక్కా తడిసి ముద్దయింది. తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇందులోనే దాక్కున్నాడని పందెం కాసేవాళ్లం, గుర్తుందా? ఆయన్ను ఈస్టిండియా కుంపిణీ వాళ్లు పట్టుకున్నది పేరుసోముల కాడి జగన్నాథకొండలో, 1846 అక్టోబరు 6న.

నువ్వు రాసిన మీ హంగేరీ రోజా శాండోర్ మొదట దారిదోపిడి దొంగ. 1848లో అక్కడి తిరుగుబాటు నాయకుడు కొషూత్ క్షమించి గుర్రపు దండుకు నాయకుణ్ణి చేశాక వీరుడయ్యాడు. మన ఉయ్యాలవాడ రెడ్డిది వేరే దారి. నొస్సం పాలెగాడి కూతురి కొడుకు. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ, అంటే కుంపిణీ ఇచ్చే భరణం. ఆ కాస్త డబ్బుకే తిరగబడ్డాడని ఎవరన్నా తీసిపారేస్తే నాకు ఒళ్లు మండుతుంది. తవర్జీ కోసం ఒక్కడు తిరగబడతాడు, సరే. మరి 901 మంది మీద కేసులెందుకు పడినాయి? ఊళ్లు కాసే కట్టుబడోళ్ల మాన్యాలను కుంపిణీ లాక్కుంది. వాళ్ల కడుపుమంట ఆయన వెనక నడిచింది. వడ్డె ఓబన్న నడిచినాడు, గోసాయి వెంకన్న నడిచినాడు. అందరూ కలిసి కోయిలకుంట్ల ఖజానా మీద పడినారు. కుంపిణీ కాగితాల్లో అది దోపిడి.

1847 ఫిబ్రవరి 22, సోమవారం పొద్దున 7 గంటలకు రెండువేల మంది చూస్తుండగా ఉరి తీశారు. తలను కోయిలకుంట్ల బురుజు మీద వేలాడదీసి 1877 దాకా దించలేదు. ముప్పై ఏళ్లురా! ఉరి తీసిన ఏడు పుట్టిన పిల్లోడు పెద్దోడై, పెళ్లాడి, బిడ్డను భుజానెత్తుకుని ఆ బురుజు పక్కనుంచే నడిచుంటాడు. అదెవరు నాయనా అని ఆ బిడ్డ అడగకుండా ఉంటుందా? జనాన్ని బెదిరించాలని కట్టిన తలే ఇంటింటా కథ చెప్పించింది. పాటై ఊరూరా తిరిగింది.

శాండోర్ 1878లో జైల్లో పోయినాడని రాశావు. మనోడి తలను దించిన మరుసటేడే. అది చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

ఈసారి వస్తే ఓర్వకల్లు విమానాశ్రయంలో దిగు. 2021 నుంచి దానికి మన రెడ్డి పేరే. కోయిలకుంట్లకు ఇద్దరం కలిసి పోదాం. శాండోర్ పాట నేర్చుకుని రా. మా అవ్వ పాడిన రెడ్డి పాట నాకు సగమే వచ్చు, మిగతా సగం తెలిసిన ముసలోళ్లను ఈలోపు వెతికి పెడతా.

నీ
నేస్తం