సండూరుకు చుట్టాలొస్తే

పోయిన సెప్టెంబరులో, వినాయకుణ్ణి నీళ్లలో కలిపిన మరుసటి వారం, ఆదోని నుంచి మా ఆడబిడ్డ పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. అత్తమ్మ మా దగ్గరే ఉంటుంది. రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాక ఆడబిడ్డే అనింది, "బళ్లారిలో ఏముంది వదినా, కోట చూసినాం, ఎండ చూసినాం. పిల్లోళ్లకు పులిని చూపియ్యండి" అని.

మన మిల్లు లైన్లలో చాలా ఇళ్లలో ఇదే మాట వినబడుతుంది. మన చుట్టాల్లో సగం మంది ఆదోని, ఆలూరు, రాయదుర్గం వైపు వాళ్లే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆ మూడు తాలూకాలు అటు పోయాయి, బళ్లారి మైసూరు వైపు వచ్చింది. అంతకు ముందు అంతా ఒకటే జిల్లా. అందుకని పండగకూ పబ్బానికీ రాకపోకలు తప్పవు. వచ్చిన వాళ్లను ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక నేను పడిన తిప్పలు మీరు పడకూడదని ఇది రాస్తున్నాను.

పులిని చూడాలంటే కమలాపురం దగ్గర అటల్ బిహారీ వాజపేయి జూ ఉంది. హొసపేట దాకా రైలుగానీ బస్సుగానీ, అక్కడినుంచి హంపి పోయే దారి. పులులు, సింహాలు, జింకలు విడిగా తిరుగుతుంటాయి, మనం బండిలో కూర్చుని చూస్తాం. మా ఆయనకు వారపు సెలవు మంగళవారం. బుధవారానికి ఒక లీవు పెట్టి, మా మరిది తోలే క్రూజర్‌లో పొద్దున్నే బయలుదేరినాం. గేటు దగ్గరికి పోతే తాళం. ఈ రాష్ట్రంలో జూలు చాలావరకు మంగళవారం మూసేస్తారు. మైసూరుదీ అంతే, బన్నేరుఘట్టదీ అంతే. ఆ సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. పిల్లోడు గేటు పట్టుకుని ఏడ్చినాడు. ఆడబిడ్డ ఏమీ అనలేదు గానీ, అనకపోవడమే ఎక్కువ. మీ ఇంటాయనకు మంగళవారమే ఆఫ్ అయితే ముందే షిఫ్ట్ మార్పించుకోండి.

అప్పుడు మా మరిది అన్నాడు, "ఏడవద్దురా, పులి లేకపోతే ఎలుగుబంటి ఉంది" అని. బండి దరోజి వైపు తిప్పినాడు.

దరోజి కరడి ధామ అని కన్నడ బోర్డు ఉంటుంది. కరడి అంటే ఎలుగుబంటి. 1994లో ఎలుగుబంట్ల కోసమే పెట్టిన అభయారణ్యం ఇది. ఇక్కడ బోను లేదు, కంచె లేదు. ఎదురుగా బండరాళ్ల గుట్ట, ఇవతల మనం కూర్చునే ఎత్తైన వాచ్ టవర్. మధ్యాహ్నం అటవీ శాఖ వాళ్లు పోయి ఆ బండల మీద బెల్లం కలిపిన పాకం పూసి వస్తారు. తర్వాత మనం గమ్మున ఉండాలి. ఇక్కడ చేయాల్సిన కష్టమంతా అదే. చిప్స్ ప్యాకెట్ల చప్పుడు, ఫోన్ పాటలు ఉంటే ఏదీ రాదు. దూరం కాబట్టి బైనాక్యులర్ దొరికితే తప్పకుండా తీసుకుపోండి. మేం పక్కన కూర్చున్న వాళ్లది అడిగి తీసుకున్నాం.

గంటకు పైగా కూర్చున్నాం. అత్తమ్మ గోడకు ఆనుకుని కునుకు తీసింది. నాలుగున్నరకు ఒక తల్లి ఎలుగు దిగింది. వీపు మీద రెండు పిల్లలు, బొచ్చు పట్టుకుని అతుక్కుని. ఈ జాతి ఎలుగులు పిల్లల్ని అట్లాగే మోస్తాయి. ఆడబిడ్డ కూతురు నోరు రెండు చేతులతో మూసుకుని చూసింది. పులి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రాత్రి ఉండటానికి కమలాపురంలో టూరిజం వాళ్ల మయూర భువనేశ్వరి ఉంది. అడవి దగ్గర జంగిల్ లాడ్జెస్ వాళ్ల రిసార్ట్ కూడా ఉంది గానీ మన జీతాలకు అది బయటినుంచి చూసేదే. మేం సండూరు పోయి ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగినాం. అడగాల్సినవి ముందే అడగండి: వేడి నీళ్లు ఎన్ని గంటల దాకా, పరుపు అదనంగా ఇస్తే ఎంత, చెప్పిన రేటులో పన్ను కలిసిందా లేదా. మేం మూడోది అడగలేదు, పొద్దున బిల్లులో చూసుకున్నాం. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి. రాత్రికి జొన్నరొట్టె, గురెళ్ల పొడి, పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఊరు దాటినా నోటికి ఇంటి తిండే.

సండూరు అంటే మనకు తెలిసింది ఎర్ర దుమ్ము. సెప్టెంబరులో పోతే ఆ మాట మర్చిపోతారు. గాంధీగారు 1934లో ఈ ఊరు వచ్చారు. సెప్టెంబరులో సండూరు చూడమని ఆయనే అన్నారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. రెండు వైపులా గోడల్లాగా కొండలు, మధ్యలో లోయ. నారిహళ్ల వాగు ఆ గోడల్ని రెండు చోట్ల కోసుకుని పోతుంది, ఓబళగండి, భీమగండి. గండి అంటే మనకు తెలిసిన గండే, అర్థం చెప్పాల్సిన పని లేదు.

కొండ మీద కుమారస్వామి గుడి, పక్కనే పార్వతమ్మ గుడి. చాలా పాతవి. 1932లోనే ఇక్కడి ఘోర్పడే రాజా ఈ గుడి తలుపులు హరిజనులకు తెరిచినాడు. దేశంలో చాలా గుళ్లు అప్పటికి ఆ ఊసే ఎత్తలేదు. అయితే ఆడవాళ్లు కుమారస్వామిని దర్శనం చేసుకోకూడదనే ఆచారం మాత్రం ఉంది. నేను ముందే చెప్పి తీసుకుపోవాల్సింది. గుడి ముందు నిలబడినాక తెలిసి అత్తమ్మ ముఖం చిన్నబోయింది. "అమ్మ గుడి పక్కనే ఉంది కదా, నేను అమ్మ దగ్గరే కూర్చుంటా" అని పార్వతమ్మ గుడి మెట్ల మీద కూర్చుంది. మగవాళ్లు వచ్చేదాకా లేవలేదు. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే కొండ ఎక్కకముందే ఈ మాట చెప్పండి. పోవాలో వద్దో ఆమె ఇష్టం.

దిగేటప్పుడు మా మరిది ఒక మలుపులో బండి ఆపినాడు. వాడు మన మిల్లుకు రాకముందు ఈ కొండల్లోనే ఇనుప రాయి టిప్పర్ తోలేవాడు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనులు ఆపేసినప్పుడు టిప్పర్లన్నీ నిలబడిపోయినాయి. వాడి ఓనరు బండి కంతులు కట్టలేక అమ్ముకున్నాడు. తర్వాత 2013లో అక్రమం బాగా చేసిన గనుల లీజులు కోర్టు రద్దు చేసింది, మిగిలినవి కొలతల మీద మళ్లీ నడుస్తున్నాయి. వాడు మాత్రం తిరిగి పోలేదు. ఇన్నేళ్లలో సండూరు రమ్మంటే ఏదో ఒక సాకు చెప్పేవాడు.

ఇటు చూస్తే పచ్చని అడవి. అటు చూస్తే మెట్లు మెట్లుగా కోసేసిన ఎర్ర కొండ.

"ఆ పైన మూడో మెట్టు కనబడుతోందే, అక్కడ నేను లోడు ఎత్తించుకునేది" అన్నాడు.

"అక్కడ కూడా ఎలుగుబంట్లు ఉంటాయా మామా?" అని అడిగింది ఆడబిడ్డ కూతురు.

"రాత్రి డ్యూటీలో రెండుసార్లు చూసినా. లైట్లు పడితే బిత్తరపోయి నిలబడేవి. హారన్ కొట్టేవాణ్ణి" అన్నాడు. కాసేపు ఆగి, "కొట్టకుండా ఉండాల్సింది" అని బండి స్టార్ట్ చేసినాడు. దారి పొడుగునా మళ్లీ మాట్లాడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు టైముంటే సండూరు కుశల కళా కేంద్రం చూడండి. లంబాడీ ఆడవాళ్లు అద్దాలు పెట్టి కుట్టే సంచులు, జాకెట్టు గుడ్డలు ఉంటాయి. ఆ కుట్టుకు సండూరు పేరుతోనే జీఐ గుర్తింపు ఉంది. మన ఇళ్లల్లో జీన్స్ కుట్టే వాళ్లకు ఆ పని చూస్తే దాని వెల ఎందుకంతో అర్థమవుతుంది. మా ఆడబిడ్డ చిన్న పర్సు ఒకటి కొనుక్కుంది.

బుధవారం రాత్రి షిఫ్టుకు మా ఆయన టైముకే పోయినాడు. పిల్లోడికి పులి బాకీ అట్లాగే ఉంది. వచ్చే సెప్టెంబరుకు ఆఫ్ సోమవారానికి మార్పించుకోమని ఇప్పటినుంచే చెబుతున్నాను. బండి తానే తోలతానన్నాడు మరిది.