ఉమ్మి, కొబ్బరికాయ, గోడ

పుదుచ్చేరిలో కాపురముండే తెలుగువాడికి నవంబరు 1 వచ్చిందంటే ఏ పండుగ చెయ్యాలో తోచదు. 1954లో ఆ రోజే ఫ్రెంచివాళ్లు ఊరి పెత్తనం మన దేశానికి అప్పగించారు కాబట్టి ఇక్కడ అది విమోచన దినం. రెండేళ్ల తరవాత అదే తేదీన ఆంధ్రప్రదేశ్ పుట్టింది. చర్చి క్యాలెండరు తీస్తే సకల పరిశుద్ధుల పండుగ. ఆగస్టు 15 ఇంకా ఇరుకు. స్వాతంత్ర్య దినం, అరవిందుల పుట్టినరోజు, కతోలికులకు మరియమాత స్వర్గారోపణ పండుగ, మూడూ ఒక్కనాడే. మూడో నెపోలియన్ ఏలుబడిలో ఫ్రాన్సుకి జాతీయ పండుగ కూడా ఆ రోజే. ద్యూమా వీధిలోని నోత్రదామ్ దెజాంజ్ చర్చి కట్టింది ఆయన హయాంలోనే, 1855లో. లోపల ఉన్న స్వర్గారోపణ చిత్రం ఆయన కానుకేనని ఊళ్లో చెప్పుకుంటారు. ఒక్క తేదీలో రాజుగారూ, రాజ్యం పోగొట్టిన జెండా, యోగీ, దేవమాతా సర్దుకుని కూర్చోవడం ఈ ఊరికే చెల్లింది.

మాది దోర్నకల్ వైపు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. అంటే ఆంగ్లికన్ల వారసత్వం. బిషప్పు ఉంటాడు, పోపు ఉండడు. మాకు సంస్కారాలు రెండే, బాప్తిస్మం, ప్రభు భోజనం. మిగతా ఐదింటినీ మా పెద్దలు కాదనలేదు, ఔననలేదు, పీట వేసి కాస్త ఎడంగా కూర్చోబెట్టారు. పుదుచ్చేరి కతోలికులకు ఏడూ ఏడే. అందుచేత ఇరుగుపొరుగు పిలిస్తే ఏ గుడికైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడం, ఎవరు ఏం చేస్తున్నారో చూడటం నాకు అలవాటు. అక్కడి నుంచి చూస్తే ఏడాదంతా చక్కగా కనిపిస్తుంది.

ఆ ఏడాది బూడిదతో మొదలవుతుందని నా లెక్క. విభూతి బుధవారం దగ్గరపడుతుంటే గుడి వాకిట ఒక బుట్ట వెలుస్తుంది. నిరుడు మట్టల ఆదివారం నాడు చేతబట్టుకుని ఊరేగి, ఇంటికి తెచ్చి, పిల్లలు సిలువలుగా అల్లి, పటం వెనక దోపిన లేత ఆకులు తిరిగి అందులో పడాలి. పచ్చదనం పోయి, అప్పడంలా పెళుసెక్కి, కొన్ని సాలెగూళ్లతో సహా వస్తాయి. వాటిని ఇనప మూకుడులో కాల్చి, చల్లార్చి, పలచటి గుడ్డలో జల్లిస్తారు. ఈనె ముక్క ఒక్కటి మిగిలినా రేపు ఎవరి నుదుటి మీదో గీసుకుంటుంది కాబట్టి మళ్లీ నూరి మళ్లీ జల్లించాలి. బుట్టెడు మట్టలకు చిన్న గిన్నెడు బూడిద దక్కుతుంది. ఆ బుధవారం పొద్దున మిషన్ వీధిలో నిలబడండి. ఎదురొచ్చేవాళ్లలో ఎవరు శివాలయం నుంచి వస్తున్నారో, ఎవరు జెన్మరాకిని మాత గుడి నుంచి వస్తున్నారో నుదుటి గీత అడ్డమా, సిలువా అన్నదాన్ని బట్టే పోల్చుకోవాలి. మిగతాదంతా ఒకటే: అవే పూలు, అవే చీరలు, అదే వీధి చివరి కాఫీ.

నలభై రోజుల తపస్సు కాలం, పవిత్ర శుక్రవారం, ఈస్టర్ అయ్యాక జూన్‌లో రైల్వే స్టేషను దగ్గరి తిరు హృదయ గుడి వంతు. 1907లో ప్రతిష్ఠ జరుపుకుని, 2011లో బసిలికా అయిన గుడి అది. పండుగకు మొదట జెండా ఎక్కిస్తారు, తరవాత నవదిన ప్రార్థనలు, చివర విద్యుద్దీపాల తేరు. బ్రహ్మోత్సవం చూసిన తెలుగువాడికి ఇందులో ఏదీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆగస్టు చివరికి ఈస్ట్‌కోస్ట్ రోడ్డు మీద కాషాయం కట్టిన జనం కాలినడకన దక్షిణానికి సాగుతుంటారు. కొత్తవాళ్లు అయ్యప్ప స్వాములనుకుంటారు. వాళ్లు వేళాంగణ్ణికి పోయే మరియమాత భక్తులు. అక్కడ 29న జెండా, సెప్టెంబరు 8న పండుగ. నవంబరు 2న ఉప్పళం సమాధుల తోటలో కడిగిన రాళ్లు, చేమంతి దండలు, కొవ్వొత్తులు, పక్కనే అగరొత్తులు. మా వైపు ఇదే సమాధుల పండుగ. వారం ముందే సున్నం బకెట్లతో మొదలవుతుంది.

ఇదంతా చూసే విమర్శకుడికి ఒక ప్రశ్న పుట్టక మానదు. ఇందులో మతమెంత, ఊరి ఆచారమెంత? ఎక్కడ గీత గీయాలి? సరిగ్గా ఆ గీత గీయడానికే ఒకాయన ఈ ఊరికి వచ్చాడు.

1703 నవంబరులో పోపు ప్రతినిధిగా చైనాకు పోతూ మయ్యార్ ద తూర్నాన్ అనే ఇటలీ పెద్దమనిషి పుదుచ్చేరిలో ఓడ దిగాడు. ఎనిమిది నెలలున్నాడు. ఒంట్లో బాగాలేక లోపలి ఊళ్లకు వెళ్లలేదు. ఇక్కడి ఏసు సభ గురువుల నుంచి విని తెలుసుకుని, 1704 జూన్ 23న ఒక ఆజ్ఞ రాసిపెట్టాడు. అది ఒక్క పుదుచ్చేరికే కాదు. ఈ గురువులు తెలుగు నేర్చుకుని పుంగనూరు దాకా, అనంతపురం వైపు కృష్ణాపురం దాకా పోయి జ్ఞానస్నానాలు ఇచ్చినవాళ్లు. కాబట్టి అది మన పల్లెలకూ చుట్టుకుంది.

గొడవ ఎక్కడ మొదలైందంటే ఉమ్మి దగ్గర. ఆనాటి కతోలిక విధిలో జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు బిడ్డ నాలుక మీద ఉప్పు వేయాలి, ముఖం మీద ఊదాలి, చెవులకూ ముక్కుకూ గురువు తన ఉమ్మి తాకించాలి. ఎంగిలంటే ఒళ్లు జలదరించే దేశంలో ఏ తల్లి ఒప్పుకుంటుంది? గురువులు చడీచప్పుడు లేకుండా ఆ ఘట్టం దాటేస్తూ వచ్చారు. తూర్నాన్ కుదరదన్నాడు. ఉప్పు, ఊపిరి, ఉమ్మి మూడూ ఉండాల్సిందే. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టరాదు. పిళ్ళైయార్ బొమ్మ ఉన్న తాళి కట్టరాదు. ఆడపిల్ల పెద్దమనిషైతే వేడుక చేయరాదు. విభూతి పూయరాదు. ఈ వరసలోనే ఇంకొక మాట ఉంది. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన పరయల ఇంట్లో ఎవరైనా జబ్బుపడి మంచం పడితే గురువు ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లి సంస్కారాలు ఇవ్వాలి. బయట నిలబడి, రోగిని మోసుకురమ్మనకూడదు.

గురువులు ఈ చివరి మాటకే ఎక్కువ బెదిరారు. పరయల గడప తొక్కితే అగ్రకులాల వాళ్లు మా మొహం చూడరని రోముకు మొరపెట్టుకున్నారు. వాదన నలభై ఏళ్లు సాగింది. 1744లో పదునాలుగో బెనెడిక్ట్ పోపు ఆఖరి తీర్పు చెప్పాడు. ఉమ్మి విషయంలో కొంతకాలం సడలింపు ఇచ్చాడు. పరయల కోసం విడిగా గురువులను పెడతామంటే సరేనన్నాడు. ఇక్కడికి వచ్చే ప్రతి గురువూ ఈ నియమాలు పాటిస్తానని ప్రమాణం చేయాల్సివచ్చింది. ఆ ప్రమాణం 1940 దాకా నడిచింది.

ఇప్పుడు లెక్క సరిచూసుకుందాం. ఉప్పు, ఉమ్మి తప్పనిసరి అన్నారు. 1969లో కొత్త జ్ఞానస్నాన విధి రాసుకుని రోమే వాటిని తీసేసింది. తాళి వద్దన్నది బొమ్మ కోసం; సిలువ బిళ్లతో తాళి ఈనాడు దక్షిణాదిన ఎన్నో క్రైస్తవ పెళ్లిళ్లలో మెరుస్తోంది. కొబ్బరికాయ వద్దన్నారు, మన బెజవాడ గుణదల కొండకు ఫిబ్రవరిలో వెళ్లి చూడండి, తలనీలాలు, కొబ్బరికాయలు రెండూ మరియమాతకు ముడుతున్నాయి. అంత పట్టుదలగా గీసిన గీతలు చెరిగిపోతే ఆకాశం విరిగి మీద పడలేదు, విశ్వాసమూ చెడిపోలేదు. చెరగకుండా నిలవాల్సింది ఒక్కటే: రోగి ఏ కులమైనా గుమ్మం దాటి లోపలికి పో. దాన్నే అందరూ కలిసి నీరుగార్చారు.

నీరుగార్చిన ఫలితమేమిటో చెప్పడానికి మన తెలుగు చుట్టమే ఉన్నాడు. కస్తూరి రంగకవి ఎవరి పేరిట ఆనందరంగరాట్ఛందం రాశాడో ఆ ఆనందరంగ పిళ్ళై. ఫ్రెంచి గవర్నరు డూప్లే దొర కొలువులో దుబాసీగా ఎదిగిన ఆయన 1736 నుంచి దాదాపు పాతికేళ్లు దినచర్య రాశాడు. పోపు తీర్పు వచ్చిన మరుసటేడు, 1745లో, అందులో ఈ ఊరి పెద్ద గుడి ముచ్చట ఒకటి వస్తుంది. ఇప్పుడు మిషన్ వీధిలో ఉన్న గుడి 1791 నాటిది. దానికి ముందు అక్కడే ఉన్న గుడిలోని సంగతి. లోపల ఉత్తరం వైపు అడ్డంగా గోడ ఉండేది. అటు పరయలు, ఇటు అగ్రకులాలు, యూరోపియన్లు. కారైకాల్ నుంచి వచ్చిన ఒక గురువు అదేమిటని అడిగి దాన్ని పడగొట్టించాడు. గోడ పడగానే అగ్రకుల క్రైస్తవుల్లో గగ్గోలు లేచింది. పిళ్ళై వైష్ణవుడు, పక్కింటి తగవు చూస్తున్నట్టు చక్కగా వివరం రాసుకున్నాడు. ఆ గోడ పోయినా గోడలు పోలేదు. తమిళనాట కొన్నిచోట్ల సమాధుల తోటల్లో ఇంకా ఉన్నాయని పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఇక మావాళ్ల సంగతి. ఇదే తీరం వెంబడి దిగువకు పోతే, కారైకాల్ చేరకముందే తరంగంబాడి. 1919 మేలో అక్కడ వేర్వేరు సంఘాల పాస్టర్లు కూర్చుని, మనం విడివిడిగా ఎందుకుండాలని తీర్మానించారు. అందులో ముఖ్యుడు వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి వైపు పుట్టిన తమిళుడు. 1912లో దోర్నకల్‌కు బిషప్పయి, తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లోనే బతుకు గడిపాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్పయిన తొలి భారతీయుడు. దోర్నకల్‌లో ఆయన కట్టించి 1939లో ప్రతిష్ఠించిన పెద్ద గుడికి గోపురాలూ ఉన్నాయి, గుమ్మటాలూ ఉన్నాయి. కొబ్బరికాయల మీద ఆయన యుద్ధం ప్రకటించలేదు. తరంగంబాడిలో మొదలైన మాట 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ.గా ముగిసేనాటికి ఆయన లేడు.

ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఆ రెండు పేటల మధ్య కూడా నీళ్ల దగ్గర ఎడం పాటించిన రోజులవి. అలాంటివాళ్లు ఆదివారం బల్ల ముందు మోకాళ్లూని, ఒకే పాత్ర అంచుకు పెదవులు ఆనించి తాగారు. అయ్యగారు అంచును గుడ్డతో తుడిచి పాత్ర కాస్త తిప్పి పక్కవాళ్లకు అందిస్తారు, అంతే. ఏ ఎంగిలికి జడిసి పుదుచ్చేరి గురువులు ఉమ్మి ఘట్టాన్ని దాటేశారో, ఆ ఎంగిలినే మా తాతలు వరసగా పంచుకున్నారు. రోము ఆనాడు మామూలు జనానికి రొట్టె మాత్రమే ఇచ్చేది, పాత్ర ఇచ్చేది కాదు. బయటి నుంచి ఎవరో రాసి పంపిన ఉమ్మి అసహ్యమనిపించింది. పక్కవాడి పెదవి తాకిన పాత్ర గౌరవమనిపించింది. ఎదుటివాడితో నాకు వాటా ఉందనుకున్నాక ఏవగింపు ఎక్కడికి పోతుందో తెలియదు.

ఆ వాటా బాగా తెలిసేది కోతపండుగ నాడు. మా వైపు తొలి పంట గుడికి తెస్తారు. బల్ల చుట్టూ వరి పనలు, గుమ్మడికాయలు, బెల్లం, గుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు. ప్రార్థన మధ్యలో ఏదో ఒక పుంజు కూత పెట్టక మానదు. ఆరాధన అవగానే వేలం పాట. సంతలో యాభై రూపాయలు చేయని గుమ్మడికాయ ఇక్కడ వందతో మొదలవుతుంది.

"ఏం బావా, గుమ్మడికాయ మీద మనసు లేదా?" అంటాడు పాట పాడేవాడు.

"అక్క వండనంటోంది రా," అంటాడు ఆయన, అంటూనే రెండొందలు పాడతాడు.

గెలిచినాయన కాయ పట్టుకెళ్లడు. "మళ్లీ పాడండి అయ్యగారూ," అని బల్ల మీదే పెట్టేస్తాడు. ఒకే కాయ నాలుగు చేతులు మారి, సంఘానికి నాలుగు ధరలు తెచ్చి, ఆఖరికి పాట పాడే స్తోమత లేని ఏ ముసలమ్మ సంచిలోకో చేరుతుంది. సంక్రాంతికి పుదుచ్చేరి చర్చి ఆవరణల్లో పొంగలి పొంగించి పంచుతుంటే నాకు ఆ గుమ్మడికాయే గుర్తొస్తుంది.

మాకు గోడలు లేవని కాదు. పాత్ర దగ్గర కలిసినవాళ్లం పెళ్లి సంబంధాల దగ్గర విడిపోతాం, కమిటీ ఎన్నికల దగ్గర పేటలవారీగా లెక్కలు వేసుకుంటాం. అందుకే తూర్నాన్ ఆజ్ఞను నేను పాత కాగితంగా కొట్టిపారేయను. జాబితా అంతా తప్పై, ఒక్క మాట ఒప్పైతే, ఆ ఒక్కటీ పట్టుకోవాలి. ఆచారం ఏ మతానిదన్న తగవు కాలమే తేల్చేస్తుంది. ఆచారం ఎవరిని బయట నిలబెడుతోందన్నది కాలం తేల్చదు, కారైకాల్ గురువులా ఎవరో ఒకరు అడగాలి. ఇకమీదట ఎవరైనా వచ్చి, క్రైస్తవుల పెళ్లిలో కొబ్బరికాయ కొట్టవచ్చా అని నన్ను నిలదీస్తే, కొట్టండి అంటాను. చెక్కలు ఎవరెవరి చేతికి అందాయో మాత్రం కనుక్కుంటాను.