కారణం రాయని రిపోర్టు

2024 జూన్ 18

ఆరు నెలల ప్రోగ్రెస్ రిపోర్టు చేతికొచ్చింది. పురోగతి సంతృప్తికరంగా లేదని, శ్రద్ధ కనబడటం లేదని నా పీహెచ్‌డీ గైడ్ మేడం రాశారు. అంతే. ఏ ప్రయోగం ఆగిందో, ఈపాటికి ఏది పూర్తి కావాల్సిందో ఒక్క ముక్క లేదు. క్లర్కు గారు కాగితం నా వైపు తిప్పి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నారు. "చూశాను" అని రాసి, దాని కింద పెట్టాను.

త్వరలో జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నుంచి సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)కి మారాలి. కమిటీ పని చూసి సరేనంటేనే నెలకి 37,000 కాస్తా 42,000 అవుతుంది. తమ్ముడి ఫీజు ఆ తేడా మీదే పెట్టుకున్నాం. నాన్నకి ఇంకా చెప్పలేదు.

జూన్ 20

శ్రద్ధ లేదనడం మింగుడుపడటం లేదు. తెల్లవారకముందే మాంసం కొట్టుకి వెళ్ళి, కోసిన మేక కిడ్నీలు వేడి తగ్గకముందే ఐసులో పెట్టుకుని పరిగెత్తుకొచ్చేదాన్ని. కొట్టతను నాకోసం పక్కన తీసిపెట్టేవాడు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ జనవరి చివర్లో పాడైంది. అది తిరగకపోతే కణపొరల భాగం వేరుపడదు, అది లేనిదే నా ఎంజైమే లేదు. రిపేరు ఫైలు కొనుగోళ్ళ విభాగంలో ఏప్రిల్ దాకా కూర్చుంది. మెషిన్ లాగ్‌బుక్‌లో అన్నీ ఉన్నాయి, మేడం సంతకాలతో సహా.

రాత్రి హాస్టల్లో సీనియర్ అక్క, రిపోర్టుకి జవాబుగా నేను రాసిన ఉత్తరం చదివింది.

"ఆథర్‌షిప్ సంగతి తీసెయ్."

"పేపర్లో మొదటి పేరు నాది పెట్టమని అడిగాకే కదక్కా ఇదంతా!"

"నాకు తెలుసే. కాగితం మీద చూపించగలవా?"

చూపించలేను. ఆ పేరా కొట్టేస్తుంటే ఏడుపొచ్చింది. నాకు అన్నిటికన్నా నిజమనిపించిన పేరా అదే. అయినా అక్క చెప్పిందే సరైనది. మనసులో ఉద్దేశం ఏమిటో నేను నిరూపించలేను, మెషిన్ ఆగిన తేదీలు నిరూపించగలను.

జూన్ 23

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు ఇవాళ మొదటిసారి పూర్తిగా చదివాను. ప్రతి సెమిస్టరూ స్కాలరు రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందుకు రావాలి. పని బాగాలేదంటే ఆ కమిటీ కారణాలు నమోదు చేయాలి, దిద్దుకునే మార్గం కూడా సూచించాలి. చేరిన రోజే ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అయితే ఆ కమిటీకి కన్వీనర్ గైడే. నా పని తక్కువని రాసిన ఆవిడే నా మాట వినే సమావేశాన్ని పిలవాలి. గైడ్ సంతకం లేనిదే మా దగ్గర సెలవు లేదు, ఫెలోషిప్ కాగితం కదలదు, థీసిస్ గడప దాటదు. ఎంతమంది స్కాలర్లు ఇలాంటి రిపోర్టుల మీద నోరెత్తకుండా సంతకం పెట్టి ఉంటారో. వాళ్ళ మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కవేస్తున్నాం. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తోంది.

జూన్ 25

ఇవాళ ఫాస్ఫేట్ అంచనా చేశాను. మాలిబ్డేట్ కలిపాక నీలం తేలే ఫిస్కే–సుబ్బారో పద్ధతి, 1925 నాటిది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహించాడని, రాత పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టారని ఆయన జీవితకథలో చదివాను. మద్రాసు వైద్య సర్వీసులో చోటు దొరక్క ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పారు. తర్వాత బోస్టన్‌లో హార్వర్డ్‌కి చేరారు.

ల్యాబ్‌లో జూనియర్ తమ్ముడొకడు నన్ను ఓదార్చడానికి ఈ కథే చెప్పాడు. "చూశారా అక్కా, ఆయన్ని ఆపగలిగారా?" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, కానీ నాకు ఓదార్పు కలగలేదు. ఆయన హార్వర్డ్‌లో నిలబడ్డారు కాబట్టి మద్రాసులో జరిగింది మనకు తెలిసింది. ఓడ ఎక్కలేకపోయినవాళ్ళ ఎల్‌ఎంఎస్‌లు ఎవరికి గుర్తున్నాయి? ఆయన తర్వాత ఎంత ఎత్తుకి ఎదిగినా ఆనాటి నిర్ణయం ఒప్పయిపోదు. గొప్పవాళ్ళమైతేనే మనకు జరిగింది అన్యాయమవుతుందా?

జులై 2

కమిటీ కూర్చుంది. లాగ్‌బుక్ నకళ్ళు, నా నోట్‌బుక్ పేజీలు తేదీల వారీగా పెట్టాను. "ఏ పని ఏ తేదీకి జరగాల్సిందో రాసివ్వండి మేడం, దాన్నిబట్టి నన్ను కొలవండి" అన్నాను. గొంతు వణికింది, మాట మాత్రం ఆగలేదు. బయటి విభాగం నుంచి వచ్చిన సార్ లాగ్‌బుక్ తిప్పి చూసి, "మెషిన్ పనిచేయని కాలం రిపోర్టులో లెక్కేశారా?" అని అడిగారు. మేడం నేరుగా జవాబివ్వలేదు.

ఆవిడ మీద నాకు ద్వేషం లేదు. బ్లాంక్ తీయకుండా ఏ రీడింగూ నమ్మకూడదని నాకు నేర్పింది ఆవిడే. అందుకే ఈ రిపోర్టు ఇంకా ఎక్కువ బాధపెట్టింది.

జులై 5

మినిట్స్ వచ్చాయి. మెషిన్ ఆగిన సంగతి నమోదు చేశారు. "సంతృప్తికరంగా లేదు" అన్నది తీయలేదు, కారణమూ రాయలేదు. ఎస్‌ఆర్‌ఎఫ్ సిఫారసు వచ్చే సమీక్షకు వాయిదా.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. "నీ పని నువ్వు చేశావా?" అన్నాడు. చేశానన్నాను. "అయితే అడుగు, భయపడకు. ఫీజు సంగతి నేను చూసుకుంటా."

యూజీసీ 2023 నిబంధనల ప్రకారం మూల్యాంకనంలో అన్యాయం జరిగితే విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి వెళ్ళవచ్చు. వాళ్ళు 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి, అక్కడా తేలకపోతే అంబుడ్స్‌పర్సన్ ఉన్నారు. సోమవారం ఇవ్వాల్సిన అర్జీ రాయడం పూర్తయింది. గైడ్‌ని మార్చమని అడగలేదు. "సంతృప్తికరంగా లేదు" అన్న వాక్యానికి కారణమైనా రాయండి, లేదా ఆ వాక్యాన్ని తొలగించండి అని మాత్రమే అడిగాను. ఒక నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి.